ఒబ్దూలియా జేగురు బాణాలు

తొమ్మిది వందల ఏళ్ళ నాటి రాతిగుడిని మా ఊరి ఒబ్దూలియా ఒంటిచేత్తో ఎనిమిది కిలోమీటర్లు జరిపింది. అప్పటికి ఆమెకు అరవై మూడేళ్ళు. ఎడమ మోకాలు సరిగా వంగదు కూడా.

సరే, అలా గుడ్లప్పగించి చూడకండి. గుడి ఉన్నచోటే ఉంది. జరిగింది దారి. కానీ పటం ముందేసుకుని చూస్తే రెండూ ఒకటే. ఆ పటం మడత విప్పిన రోజున నా గుండె ఆగినంత పనైంది, అది మాత్రం నిజం. నేను కన్యస్త్రీల బడిలో చదువుకున్నవాణ్ణి. అబద్ధమాడొద్దనే ఎనిమిదో ఆజ్ఞను ఎంతవరకూ సాగదీయవచ్చో, ఎక్కడ తెగుతుందో నాకు బాగా తెలుసు.

ఒబ్దూలియా నా భార్యకు పినతల్లి కూతురు, అంటే నాకు మరదలు. మా ఊరు వియారెద్రాలో ఇప్పుడు నలభై ఒక్క మందిమి మిగిలాం. చుట్టూ గోధుమ చేలు. నేల ఎంత చదునంటే, కోడిగుడ్డును కింద పెడితే ఎటు దొర్లాలో తోచక అక్కడే ఉండి పిల్లవుతుంది. ఊరికి రెండు కిలోమీటర్ల అవతల, చేల నడుమ, పల్లేరు మాత గుడి. ఆ చుట్టుపక్కల పల్లేర్లు తప్ప ఇంకేమీ మొలవవు. లోపల మూరెడు ఎత్తు చెక్క విగ్రహం, మేం స్వరూపం అంటాం. మాత ఒళ్ళో బిడ్డను పెట్టుకుని, వాడి అరికాల్లోంచి ముల్లు తీస్తూ ఉంటుంది.

మా వైపు ఇలాంటి గుళ్ళ తాళంచెవి చర్చి గురువుగారి దగ్గర ఉండదు. ఊళ్ళో ఒక ఇంట్లో ఉంటుంది, తల్లి నుంచి కూతురికి వస్తుంది. మా ఊళ్ళో అది ఒబ్దూలియా ఇల్లు. ఎవరైనా వచ్చి తలుపు తడితే, పొయ్యి మీది వెల్లుల్లి చారు దింపేసి, జానెడు పొడవున్న ఆ ఇనుప తాళంచెవిని మెళ్ళో వేసుకుని, మొగుడి పాత సైకిలెక్కి గుడికి వెళ్ళి తలుపు తీసేది. మొగుడు మార్సియానో గొర్రెల కాపరి. అతను పోయాక మందను అమ్మేసింది.

ఆ మరుసటి ఏడాదే బిషప్ పీఠం నుంచి ఉత్తరం వచ్చింది. మనుషులు రాని గుడిలో అంత పాత స్వరూపాన్ని ఉంచడం క్షేమం కాదట. ఏడాదికి మూడు వందల మందైనా వచ్చి సందర్శకుల పుస్తకంలో సంతకం చేయకపోతే స్వరూపాన్ని పట్టణంలోని మ్యూజియానికి తరలిస్తారట, గుడి మూసేస్తారట. ఆ ఏడాది పుస్తకంలో ఉన్నవి పంతొమ్మిది సంతకాలు. వాటిలో ఆరు నావే, ఆరు వేర్వేరు పేర్లతో.

"ఏం చేస్తావే?" అని అడిగాను.

"ఏం చేస్తాను బావా, బీన్స్ వండుతాను. శనివారం కదా," అంది.

ఆ వసంతంలోనే సైకిళ్ళు రావడం మొదలైంది. కాలువ గట్టు వెంట పాత కోట ఉన్న ఊరికి పోయే యాత్రికులు గట్టు దిగి, చేలకు అడ్డంపడి, పల్లేరు మాత గుడి మీదుగా మా ఊళ్ళోకి వచ్చేవారు. ముందు ఇద్దరు డచ్చివాళ్ళు, తర్వాత జర్మన్లు, తర్వాత బిల్బావో నుంచి ఒక పెళ్ళిబృందం. దారి పొడుగునా రాళ్ళ మీద, కల్వర్టుల మీద, కూలిన పావురాల గూళ్ళ గోడల మీద ఎర్ర బాణాలు. సైకిల్ దారులు చూసే జిల్లా కార్యాలయం వాళ్ళు మమ్మల్ని ఇన్నాళ్ళకు గుర్తు పెట్టుకున్నారని మేమంతా సంబరపడ్డాం. బారు మూసేద్దామనుకున్న క్రెసెన్సియో ఆ ఆలోచన మానుకున్నాడు. పుస్తకం ఏడాదికొకటి నిండేది. పదకొండేళ్ళు అలా గడిచాయి.

పోయిన జూన్‌లో, చేలు పండి కోతకు వచ్చిన రోజుల్లో, కార్యాలయం నుంచి బెనీతెస్ అనే అతను తారురోడ్డున సైకిల్ మీద వచ్చాడు. బారులో బల్ల మీద పటం పరిచాడు.

"పెద్దాయనా, కాలువ మొదట్లో మాకు లెక్కపెట్టే యంత్రం ఉంది. ఏడాదికి తొమ్మిది వందల సైకిళ్ళు గట్టెక్కుతున్నాయి. చివర్న ఇంకో యంత్రం ఉంది. అక్కడ దిగేవి రెండు వందలు. మిగతా ఏడు వందల మంది ఏమైపోతున్నారు? మా పైఆఫీసరుకు నిద్ర పట్టడం లేదు."

"ఇక్కడికొస్తున్నారు. మీ దారేగా," అన్నాడు క్రెసెన్సియో.

"మా దారి ఇది." బెనీతెస్ వేలు కాలువ వెంట తిన్నగా వెళ్ళింది. మా గుడి ఉన్న చోటు ఆ వేలికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉంది. "ఈ ఊరి గుండా మేము దారి వేయలేదు. ఎప్పుడూ వేయలేదు."

బారులో ఈగలు కూడా ఆగిపోయాయి. క్రెసెన్సియో గ్లాసులో వైన్ పోస్తూ ఉన్నవాడు పోస్తూనే ఉన్నాడు, బల్ల మీదుగా నా చెప్పుల్లోకి కారేదాకా.

"మరి బాణాలు?" అన్నాను.

"మావి ఆకుపచ్చ పలకలు. ఇవి ఎవడో దొంగతనంగా వేసినవి. ఇవాళ అన్నీ గీకేయడానికే వచ్చాను." సంచిలోంచి తీగ బ్రష్ తీసి చూపించాడు. బారు గోడ మూల మీదే ఒక బాణం ఉంది. అందరం బయటికొచ్చి దాని ముందు నిలబడ్డాం. అతను వేలితో రుద్ది వాసన చూశాడు. "ఇదేం రంగు?"

నేనూ వాసన చూశాను. జేగురు మన్ను, అవిసె నూనె. నలభై ఏళ్ళు గొర్రెల బొచ్చు కత్తిరించినవాణ్ణి. కత్తిరించిన ప్రతి గొర్రె మీదా ఆ రంగుతోనే యజమాని ముద్ర వేస్తారు. అప్పుడు బాణం తోక చూశాను. తోక చివర ఒక అరచంద్రం, దాని పక్కన రెండు చుక్కలు.

అది మార్సియానో మంద ముద్ర. ముప్ఫై ఏళ్ళు ఏటా మూడు వందల గొర్రెల మీద ఆ ముద్ర వేసింది అతను కాదు, అతని పెళ్ళాం. చేతికి అలవాటైపోయింది. బాణం గీసి ఊరుకోలేక, ప్రతి దానికీ చివర్న ఇంటి ముద్ర కొట్టింది పిచ్చిది! పదకొండేళ్ళుగా రోజూ ఆ గోడకు ఆనుకుని ఎండ కాచుకుంటున్నాను, ఒక్కసారి చూస్తే ఒట్టు. సగం యూరప్‌ను ముద్ర కొట్టి మందలా తోలుకొచ్చింది నా మరదలు!

"ఈ గుర్తు ఎవరిదో తెలుసా?" బెనీతెస్ అడిగాడు.

క్రెసెన్సియో నా వైపు చూశాడు. వాడికీ తెలిసిపోయింది. వాడి తండ్రి మార్సియానోకి పక్కదొడ్డి వాడు.

"అరబ్బులది అయ్యుంటుంది. ఈ ప్రాంతాన్ని చాలా ఏళ్ళు ఏలారు," అన్నాడు.

బెనీతెస్ తల అడ్డంగా ఊపి ఆ బాణాన్ని గీకేశాడు. తర్వాతి దానికి వెళ్ళాడు. ఒక్కో బాణం చెరుగుతుంటే నాకు స్వరూపం గోనెగుడ్డలో చుట్టబడి లారీ ఎక్కుతున్నట్టే కనబడింది. క్రెసెన్సియో మోపెడ్ తీసుకుని అడ్డదారిన గుడికి దూసుకెళ్ళాను.

ఒబ్దూలియా గుడి ముందు ఉంది. గడప పక్కన నీళ్ళ తొట్టి, ఉప్పుకాగితం, రబ్బరు ముక్కలు, సొల్యూషన్ గొట్టం, పంపు, అన్నీ వరసగా పెట్టి ఉన్నాయి. కొంగులోంచి, అదే, మెళ్ళో కట్టుకున్న ఏప్రాన్‌లోంచి, కోళ్ళకు గింజలు వేసినట్టు, దారి మీద ఏదో చల్లుతోంది.

వంగి చూశాను. పల్లేరుకాయలు.

యాత్రికులందరికీ సరిగ్గా ఈ గుడి ముందే టైర్లు పంక్చరవుతాయనీ, అది మాత మహిమ అనీ, మిమ్మల్ని ఆగి పలకరించమంటోందనీ పదకొండేళ్ళుగా బారులో వాళ్ళందరికీ చెప్పింది నేను! నేను చెప్పిన కథల్లో నేను నమ్మింది అదొక్కటే!

"ఒబ్దూలియా! ఇది పాపమే!"

"ఏది?"

"ఆ బాణాలు! ఈ ముళ్ళు! కార్యాలయం వాడొచ్చాడు, గీకేసుకుంటూ ఇటే వస్తున్నాడు. అంతా తెలిసిపోతుంది. నీ ముద్ర వేసుకున్నావు కదే, బుద్ధిలేనిదానా!"

ఆమె ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. గుడి తలుపు వైపు చూసింది, మెళ్ళో తాళంచెవిని పిడికిట్లో బిగించింది. తర్వాత మిగిలిన గుప్పెడు కూడా చల్లేసి చేతులు దులుపుకుంది.

"సైకిల్ మీదే వస్తున్నాడా, కారులోనా?" అని మాత్రం అడిగింది.

పావుగంటలో బెనీతెస్ వచ్చాడు, సైకిల్‌ను నడిపించుకుంటూ. రెండు టైర్లూ నేలకంటుకున్నాయి. ముఖం కందిపోయి, చెమటకు చొక్కా ఒంటికి అతుక్కుంది.

"అయ్యో నాయనా, ఈ పల్లేర్లు ఎవర్నీ వదలవు. రా, నీడన కూర్చో," అంది ఒబ్దూలియా, పాలు కారే గొంతుతో. తాళం తీసింది. టైరు విప్పేలోపే అతని చేతికి గొర్రెపాల జున్ను, రొట్టె ఇచ్చింది.

అతను లోపల చల్లటి రాతి బల్ల మీద కూర్చున్నాడు. బిడ్డ అరికాలు, మాత వేళ్ళు, ఆ వేళ్ళ మధ్య ముల్లు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత పుస్తకం తెరిచాడు. ఎవరో ఆడమనిషి, తన భర్త పోయాక మొదటిసారి ఇక్కడే కూర్చుని ఏడ్చానని రాసింది. ఒక కుర్రాడు, పంక్చర్ వేసిన అమ్మమ్మకు పెళ్ళి కాకపోయి ఉంటే చేసుకుంటానని రాశాడు.

"అమ్మా, ఈ గుడి మా పటంలో లేదు," అన్నాడు చివరికి.

"అయితే పటం తప్పు," అంది ఆమె ట్యూబును తొట్టిలో ముంచుతూ. నీళ్ళలో బుడగలు లేచాయి. ఆమె గోళ్ళ సందుల్లో జేగురు ఎరుపు. అది నేను చూశాను, అతనూ చూశాడు.

అతను పుస్తకంలో సంతకం చేశాడు. వెళ్ళేటప్పుడు గడప పక్కన రాయి మీదున్న బాణం దగ్గర ఆగాడు. చేతిలో తీగ బ్రష్ ఉంది. వంగి, వేలితో ఆ రెండు చుక్కల్నీ తడిమాడు. "మా తాతకూ గొర్రెలుండేవి," అని సైకిలెక్కాడు. బ్రష్ తొట్టి పక్కనే మర్చిపోయాడు. దాంతో ఒబ్దూలియా ఇప్పుడు మసిగిన్నెలు తోముతోంది.

సెప్టెంబరులో ఆకుపచ్చ పలకలు వచ్చాయి. కాలువ గట్టు దిగి, చేలకు అడ్డంపడి, గుడి మీదుగా మా ఊళ్ళోకి. కొత్త పటంలో గీత అక్కడ మోచేయిలా వంగింది. స్వరూపం కదల్లేదు.

ఇదంతా రాసి నిన్న ఒబ్దూలియాకు చదివి వినిపించాను. వాకిట్లో కూర్చుని బీన్స్ ఒలుస్తూ తలెత్తకుండా వింది. వెనక గోడకు మార్సియానో సైకిల్ ఆనించి ఉంది, గొలుసు నూనెతో మెరుస్తోంది.

"అబద్ధం. ఒక్క ముక్క నిజం లేదు. నేనెప్పుడూ రంగు ముట్టుకోలేదు. పల్లేర్లు వాటంతటవే రాలతాయి. ఆ కార్యాలయం అబ్బాయి ఎవరో నాకు తెలీదు," అంది. ఒలిచిన గింజలు గిన్నెలో పోసుకుని లేచింది. "అసలు నాకు సైకిల్ తొక్కడమే రాదు బావా."