తెల్లవారుజాము ఎర్ర గుర్తులు

నాకు నోరెక్కువ. హన్మకొండలోని మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో అందరికీ ఆ సంగతి తెలుసు. నాకూ తెలుసు. కాకపోతే అప్పట్లో దాన్ని క్రమశిక్షణ అనుకునేవాణ్ణి.

దవాఖానలకు అపాయింట్‌మెంట్ల వెబ్‌సైటు చేసేవాళ్లం, అంతా జావాస్క్రిప్ట్. రోజుకొకరు కోడ్ పాడుచేస్తుంటే విసుగొచ్చి నేనే కూర్చుని, సర్వర్ ఏం చేయాలో చెప్పే ఒక కాన్ఫిగ్ ఫైలు రాశాను. ఎవరు కోడ్ పంపినా ఎక్కడో ఉన్న సర్వర్ దాన్ని అందుకుని, బిల్డ్ చేసి, పరీక్షలన్నీ నడుపుతుంది. నెగ్గితే పచ్చ గుర్తు, ఒక్కటి తప్పినా ఎర్ర గుర్తు. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఎర్ర గుర్తు పడగానే పంపినవాళ్ల పేరు, పక్కన గాడిద బొమ్మ ఆఫీసు గ్రూపులో దానంతటదే పడేలా కూడా రాశాను.

ఆ గాడిద ఎక్కువసార్లు ఒక్క అమ్మాయికే పడింది. స్టేషన్ ఘన్‌పూర్ అవతలి పల్లె నుంచి రోజూ రైల్లో వచ్చేది. ఆరు నెలల ట్రయల్ మీద తీసుకున్నాం. ఆ తర్వాత పర్మనెంట్ చేయాలా వద్దా అన్నది నా మాట మీదే ఉంది. చేరిన కొత్తలోనే నాతో అంది, "ఇంటోళ్లు ఆర్నెల్లే గడువిచ్చిండ్రు సార్. పర్మనెంటైతే ఈడనే రూం తీసుకుంట. కాకుంటే మల్ల పత్తి ఏరవోవుడే."

తెల్లారితే ఇంటి పని మీద పడుతుందని చీకటితోనే లేచి కోడ్ రాసేది. ఐదింటికి పంపేసి, ఇంటి పని ముగించుకుని రైలుకు బయల్దేరేది. ఆమె ఆఫీసుకు వచ్చేలోపు గాడిద అందరి ఫోన్లలోనూ ఉండేది.

"నా లాప్‌టాప్‌ల అన్ని పాసైనయ్ సార్," అంది మొదటిసారి.

"అయితే నీ లాప్‌టాపే దవాఖానకు మోసుకపో," అన్నాను. అందరూ నవ్వారు. పాపం, ఆమె కూడా నవ్వింది.

ఆఫీసుకొచ్చి అదే కోడ్ మళ్లీ పంపితే పచ్చ గుర్తు పడేది. ఏం మార్చావంటే, "ఏం మార్చలే సార్," అనేది.

"ఏం మార్చకుంటే ఎర్రది పచ్చగ ఎట్లయితది? నీళ్లు చల్లినవా?"

వెళ్లి తన పనిలో పడేది. అబద్ధమాడుతోందని ఖాయం చేసుకున్నాను. మా బాపుది వరంగల్ బజారులో కిరాణా దుకాణం. తన తూకం కాంటాను అనుమానించిన గిరాకీని ఆయన మళ్లీ మెట్లెక్కనిచ్చేవాడు కాదు. ఆ బుద్ధే నాకూ వచ్చింది. ఒకరోజు ధైర్యం చేసి, "సర్వర్ల ఏమన్న ఉన్నదేమో జర చూడుండ్రి సార్," అంది. "ఆడరాక మద్దెల ఓడు అన్నదట," అన్నాను అందరి ముందూ. మళ్లీ అడగలేదు. చూస్తే ఐదు నిమిషాల పని. నేను చూడలేదు.

ఆర్నెల్లు నిండాయి. "పిల్ల మంచిగనే చేస్తాంది గదా?" అన్నాడు మా ఓనర్.

"చేస్తది అన్నా. కాని నిర్లక్ష్యం. పైంగ అబద్ధాలు."

ఆ సాయంత్రమే, నిర్లక్ష్యమని ముఖం మీదే చెప్పి పంపించేశాం. వెళ్లేముందు నా టేబుల్ దగ్గరికొచ్చి, "ఇంకొక్క నెల చూస్తరా సార్?" అంది. "ఈడ ధర్మసత్రం నడుపుతలేం," అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు హాయిగా ఉండింది. దాచడమెందుకు.

రెండు నెలల తర్వాత హైదరాబాద్ బస్సు అందుకోవాలని నేనూ ఐదింటికే కోడ్ పంపాను. ఎర్ర గుర్తు. గ్రూపులో నా పేరు, గాడిద. తప్పింది ఒకే ఒక పరీక్ష, ఇవాళ్టి పేషెంట్ల జాబితా మీద ఇవాళ్టి తేదీ ఉందా అని చూసేది. జాబితా మీద పడేది మన తేదీ, పరీక్ష పోల్చేది సర్వర్ తేదీతో. ఆ సర్వర్ గడియారం మనకంటే ఐదున్నర గంటలు వెనక. మనకు పొద్దున ఐదున్నర అయ్యేదాకా దానికింకా నిన్ననే. మన టైం ఏదో దానికి చెప్పడానికి కాన్ఫిగ్ ఫైలులో ఒక్క లైను చాలు. ఆ లైను రాయడం మరిచింది నేను. ఆ వేళప్పుడు కోడ్ పంపే మనిషి మా ఆఫీసులో ఆమె ఒక్కతే.

బస్సెక్కకముందే లైను చేర్చాను. ఎవరూ లేవకముందే గ్రూపులోంచి గాడిదను చెరిపేశాను. ఏం మార్చావో రాయాల్సిన చోట 'చిన్న సవరణ' అని రాశాను. ఆమె నంబరు నా ఫోన్లోనే ఉంది. చేయలేదు. సిగ్గుతో అనుకునేరు, కాదు. ఓనర్ దగ్గర నా మాట విలువ పోతుందని భయం.

కొన్నాళ్లకు ఆమే చేసింది. చేన్లోంచి అనుకుంటాను, వెనక ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. ఇంకో కంపెనీలో ఇంటర్వ్యూ అయిందట. వాళ్లు ఆమె గురించి నన్ను అడుగుతారట.

"నేను నిర్లక్ష్యంగ ఉంటుంటి అని వాళ్ల దగ్గర ఒప్పుకున్న సార్. ఇప్పుడు మారింది అని మీరు జర ఒక్క మాట చెప్పుండ్రి."

చెయ్యని తప్పు ఒప్పుకుని కూర్చుంది. నీ తప్పేం లేదు అనే మాట గొంతు దాకా వచ్చింది. "సరే, చెప్త తీ," అన్నాను.

మర్నాడు ఆ కంపెనీ నుంచి ఫోనొచ్చింది. "నిర్లక్ష్యం ఉండేదని ఆ అమ్మాయే చెప్పిందండి. నిజమేనా?"

"నిజమే," అన్నాను. "ఇప్పుడు మారి ఉంటుంది."

"మారిందా, మారి ఉంటుందా?"

"అది నేను చెప్పలేనండి."

వారం తర్వాత ఆమె దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "వాళ్లు వేరేటోళ్లను తీసుకున్నరట సార్. మీరైతే నా గురించి మంచిగ చెప్పిండ్రు గదా, అది సాలు."