ఇంట్లో మనిషి ఉంది

మా సందు మొదట్లో జెనివాల్ కాఫీ కొట్టు ఉంది. కొట్టు తెరిచింది మొదలు కట్టేసేదాకా అక్కడ రేడియో మోగుతూనే ఉంటుంది. ఆ మోతకి ఎంత అలవాటు పడ్డామంటే, అసలది మా చెవికి ఆనదు. ఆగినప్పుడే వినిపిస్తుంది. రేడియో ఆగిందంటే కాగితాలు పట్టుకున్న మనిషెవరో సందులోకి వస్తున్నట్టు. నిమిషంలో నలభై మూడు తలుపులు మూసుకుంటాయి. పొయ్యి మీద చిక్కుడు గింజలు మాడుతున్నా ఎవరూ లేవరు.

రెసీఫె ఊరి చివర, ఏట్లోకి సముద్రపు పోటు వచ్చిపోయే బురద అంచున, ఇరవై రెండేళ్ళుగా మాకున్న రక్షణ అదొక్కటే. ఆ పద్ధతి పెట్టింది లిందినాల్వ పిన్ని. తీసేసిందీ ఆవిడే.

పిన్నిది సురురు ఒలిచే పని. సురురు అంటే బురదలో దొరికే చిన్న ఆల్చిప్పలు. తెల్లారే ఏట్లోకి దిగి బుట్టెడు ఏరుకొస్తుంది, ఉడకబెడుతుంది, గుమ్మంలో పీట వేసుకుని ఒలుస్తుంది. మాంసం అంగడికి పోతుంది, గుల్లలు ఇంటికి మిగులుతాయి. ఆవిడ వచ్చిన కొత్తలో అక్కడ మోకాలి లోతు బురదేనట. ఏడాదికేడాది ఆ గుల్లలే పోసి, తొక్కి, నేల లేపింది. ఇవాళ ఆ ఇల్లు నిలబడ్డది ఆవిడ ఒలిచిన గుల్లల మీదే. నేను బడిలో సైన్సు చెప్పి వచ్చేదాకా మా పాప కూడా ఆ నేల మీదే పాకుతూ ఉంటుంది. మాది ఎదురిల్లు. పిన్ని ఇల్లు పోతే మాదీ పోతుంది.

కాగితాలంటే ఆవిడకి భయం ఊరికే పట్టుకోలేదు. పంతొమ్మిదేళ్ళప్పుడు ఏటికి ఎగువన ఇంకో బస్తీలో ఉండేది. టై కట్టుకున్న మనిషొకడు వచ్చి, పాలపొడి అందుకునేవాళ్ళ జాబితా అని సంతకం పెట్టించుకున్నాడు. వారం తిరక్కుండా ఇళ్ళు కూల్చే యంత్రం వచ్చింది. 'ఇష్టపూర్వకంగా ఖాళీ చేస్తున్నాను' అన్న మాట కింద ఆవిడ సంతకం చూపించారు. అప్పటికి ఆవిడకి సంతకం తప్ప ఇంకేమీ రాయడం రాదు, చదవడం అసలు రాదు.

ఈ ఏడాది మార్చిలో ఇవనీజ్ అనే వకీలు వచ్చింది. ఇల్లు పోయే ప్రమాదంలో ఉన్నవాళ్ళకి ఉచితంగా వకీలుని ఇవ్వడానికి రాష్ట్ర ప్రభుత్వం మా పేటకి ఏడాదిపాటు డబ్బు మంజూరు చేసింది. మంగళవారం మంగళవారం ఆరోగ్య కేంద్రంలో, టీకాల గది పక్కన, ఒక బల్ల, ఆరు కుర్చీలు. ఆ మాట చెబుదామని ఆవిడ చంకలో ఫైలుతో మా సందులోకి అడుగు పెట్టింది. రేడియో ఆగింది. పాపం నలభై మూడు మూసిన తలుపులకీ విడివిడిగా నమస్కారం చెప్పి వెళ్ళింది.

పాపకి టీకా వేయించడానికి వెళ్ళిన రోజున ఆవిడ ఒక్కతే కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది.

"కేసా?"

"కాదండీ, టీకా."

మళ్ళీ కూర్చుంది. "నాలుగు వారాలైంది. మూడు నెలల్లో కేసులు రాకపోతే ఇక్కడ అవసరం లేదని రాసుకుని ఈ డబ్బు ఇంకో పేటకి మళ్ళిస్తారు. మీ సందులో అందరూ హాయిగా ఉన్నారా?"

పిన్నికి చెప్పాను. చేతిలో గుల్ల విరిచి, "మళ్ళించుకోమను. ఊరికే వస్తుందంటే పాలపొడి కూడా ఊరికేగా ఇస్తామన్నారు," అంది.

జూన్ మొదట్లో మా కరెంటు స్తంభానికి ఒక కాగితం అంటించి ఉంది. పిన్ని చింపుకొచ్చి నా ముందు పెట్టింది. ఇప్పుడు పెద్దల బడికి వెళ్ళి కూడబలుక్కుని చదవగలదు గానీ, కోర్టు భాష కొరుకుడు పడదు. నేను చదివాను. ఈ భూమి తనదని ఒక కట్టడాల కంపెనీ వేసిన దావా అది. గుర్తు తెలియని వ్యక్తులు ఎనిమిది నెలల కిందట జొరబడ్డారట. కోర్టు అమీనా మూడుసార్లు వెళ్ళాడట, 'మనుషులెవరూ కనిపించలేదు, ఖాళీగా ఉన్నట్టు తోచినది' అని రాశాడట. గురువారం చివరిసారి వస్తాడు. అప్పుడూ ఎవరూ లేకపోతే ఖాళీ చేయించే ఉత్తర్వు ఇవ్వమని కంపెనీ కోర్టుని అడుగుతుంది.

"ఆ ముక్క మళ్ళీ చదువు."

"ఖాళీగా ఉన్నట్టు తోచినది."

"నేను మంచం వెనకాల ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను కదే. మూడుసార్లూ." లేచి చేతులు కడుక్కుంది. "మంగళవారం రేపేగా?"

మర్నాడు ఇవనీజ్ ఆ కాగితం చూసి, ఒక గీత కింద వేలు పెట్టింది.

"లిందినాల్వ గారూ, ఏడాదిమీద ఒక్కరోజు దాటి ఉంటున్నవాళ్ళని జడ్జి చప్పున వెళ్ళగొట్టలేరు. ముందు రెండు పక్షాల్నీ కూర్చోబెట్టి వినాలి. మీరెన్నాళ్ళుగా ఉంటున్నారు?"

"ఇరవై రెండేళ్ళు."

"కోర్టుకి తెలిసినంతవరకు మీరు లేనే లేరు. లేని మనిషి తరఫున నేనేం మాట్లాడను? గురువారం తలుపు తీయండి. పేరు చెప్పండి, ఎప్పట్నుంచి ఉంటున్నారో చెప్పండి, అందినట్టు సంతకం పెట్టండి."

"సంతకం పెట్టనమ్మా."

"మరి ఇల్లు?"

పిన్ని పాలపొడి సంగతి చెప్పింది. ఇవనీజ్ ఆసాంతం విని, "అయితే ఒక పని చేయండి. కాగితమంతా ఆయన చేతే పైకి చదివించండి. చదివి వినిపించడం ఆయన డ్యూటీ. నచ్చని ముక్క ఒక్కటున్నా పెట్టొద్దు," అంది.

ఆ సాయంత్రం జెనివాల్ కొట్టు దగ్గర పెద్ద గొడవైంది.

"పద్ధతి పెట్టింది నువ్వే. ఇప్పుడు తలుపులు తీసి కాఫీలు కూడా ఇమ్మంటావా వాడికి?" అన్నాడు జెనివాల్.

"నీ కాఫీ వద్దులే. వాడు మనకేం ద్రోహం చేశాడు?"

"నవ్వులాట కాదు లిందినాల్వా. ఇరవై రెండేళ్ళు దాక్కున్నాం కాబట్టే ఉన్నాం."

"దాక్కున్నాం కాబట్టే ఖాళీ అని రాశారు. మనం లేమని వాళ్ళు కొత్తగా కల్పించలేదురా. మూడుసార్లూ మనమే చెప్పాం." కప్పు కింద పెట్టింది. "మీ తలుపులు మీ ఇష్టం. నాది తెరిచి ఉంటుంది. వాడు వచ్చేటప్పుడు రేడియో మాత్రం ఆపు, నేను జుట్టు దువ్వుకోవాలి."

గురువారం పదింటికి రేడియో ఆగింది. అలవాటు కొద్దీ తలుపులన్నీ మూసుకున్నాయి. నాకు బడి సెలవు. పాపని ఎత్తుకుని మా గుమ్మంలో నిలబడ్డాను. లోపలికి వెళ్ళిపోదామనే అనిపించింది. ఎదురుగా పిన్ని పీట మీద కూర్చుని సురురు ఒలుస్తోంది. పక్కన ఇంకో పీట వేసి ఉంచింది.

అమీనా నడివయసు మనిషి. బూట్లనిండా బురద. తెరిచిన తలుపు చూసి తత్తరపడ్డాడు.

"ఇక్కడ... ఉంటున్నారా అమ్మా?"

"కూర్చో బాబూ. లిందినాల్వ నా పేరు. ఆ కాగితం చదువు."

"ఇందులో విషయమేంటంటే..."

"విషయం కాదు. కాగితం."

"ఇంకా పదకొండు చోట్లకి వెళ్ళాలమ్మా."

"మూడుసార్లు వచ్చి ఎవరూ లేరని రాసుకుపోయావుగా. ఆ మూడు రోజులూ మిగిలిన టైము ఇవాళ వాడుకో."

ఆయన కూర్చున్నాడు. చదివాడు. పిన్ని రెండుచోట్ల ఆపించి మళ్ళీ చదివించుకుంది. 'ఖాళీ చేయుటకు' అన్న మాట దగ్గర ఆవిడ చేయి ఆగింది. అది కంపెనీ అడుగుతున్నదనీ, ఆవిడ ఒప్పుకుంటున్నది కాదనీ ఆయన వేలు పెట్టి చూపించాడు. ఎన్నాళ్ళుగా ఉంటున్నారని అడిగాడు. పిన్ని లేచి ఆయన్ని ఇంటి పక్క కాలువ దగ్గరికి తీసుకెళ్ళింది. పోటు నీరు కోసేసిన గట్టు అది. అడుగునుంచి పైదాకా గుల్లలు, నడుము ఎత్తున.

"ఎనిమిది నెలల్లో ఒక్క ఆడది ఇన్ని ఒలుస్తుందా? రాసుకో."

ఆయన ఫోనుతో ఫొటో తీసుకున్నాడు. రాసుకున్నాడు. రాసింది కూడా చదివించుకుంది. అప్పుడు తడి చేయి లంగాకి తుడుచుకుని కలం పుచ్చుకుంది. సంతకం పూర్తిగా పెట్టింది, ఇంటిపేరుతో సహా.

"పక్కింట్లో ఎవరైనా..." అన్నాడాయన.

పిన్ని సందు మొదటిదాకా వినిపించేలా గొంతెత్తింది. "జెనివాల్, బయటికి రా. ఈయన చక్కగా చదువుతాడు."

ఒక్క తలుపూ తెరుచుకోలేదు. నేను ముందుకొచ్చి మా పేర్లు రాయించాను. తర్వాత జెనివాల్ వచ్చాడు, మొహం ముడుచుకుని, చేతిలో కాఫీ కప్పుతో. అది ఎవరికని పిన్ని అడగలేదు. మధ్యాహ్నానికి ముప్పై ఒక్క ఇళ్ళ పేర్లు ఎక్కాయి. మిగతా పదకొండు చోట్లకీ ఆయన ఎప్పుడు వెళ్ళాడో తెలీదు.

తర్వాతి మంగళవారం ఆరోగ్య కేంద్రంలో కుర్చీలు చాల్లేదు. మూడు నెలల లెక్క వెళ్ళేసరికి ఇవనీజ్ బల్ల మీద మా సందు ఫైళ్ళే నలభై ఒకటి. మంజూరైన డబ్బు మరో పేటకి కదల్లేదు.

ఆగస్టులో కోర్టుకి వెళ్ళాం. కంపెనీ వకీలు ఎనిమిది నెలలు అన్నాడు. ఇవనీజ్ అమీనా రాసింది చదివి, ఫొటో ఇచ్చింది. జడ్జి పిన్నిని ఒక్కటే అడిగాడు.

"మొదటి మూడుసార్లూ ఎందుకు కనిపించలేదు?"

"భయపడి దాక్కున్నానయ్యా. అప్పుడు నాకు వకీలు లేదు."

ఇప్పటికి ఖాళీ చేయించే ఉత్తర్వు ఇవ్వనన్నాడు. భూమి కొలిపించి, ఇంటింటికీ విచారణ చేసి, ఆ తర్వాతే తేలుస్తాడు. అందాకా ఏ ఇంటినీ ముట్టుకోకూడదు. గెలిచామని ఎవరూ అనలేదు. ఇవనీజ్ అసలు అననివ్వలేదు.

విచారణ తేలడానికి రెండేళ్ళు పట్టొచ్చట. ప్రభుత్వం డబ్బు మార్చిదాకే. ఆ సంగతి తెలిసిన రోజే పిన్ని ఇంకో కాగితం తయారు చేయించింది. బల్లా, వకీలూ కేసు తేలేదాకా ఇక్కడే ఉండాలని రాష్ట్ర ప్రభుత్వానికి అర్జీ. ఒలుపుడు అయ్యాక బుట్ట పక్కన పెట్టి, మా సందు దాటి పక్క బస్తీల తలుపులు కొడుతోంది. అక్కడా రేడియోలు ఆగుతాయి. ఆవిడ మూసిన తలుపు ముందు పీట వేసుకుని కూర్చుంటుంది.

"తొందరేం లేదు. మొత్తం చదివి వినిపిస్తాను. నచ్చితేనే సంతకం," అంటుంది లోపలివాళ్ళతో, కూడబలుక్కుంటూ మొదటి వరుస నుంచీ మొదలుపెట్టి.