సత్వాలో కాగితపు తోకల పాలకోవా

పాలకోవా మన సొత్తేనని ఆ శుక్రవారం దాకా అనుకునేదాన్ని. మా క్లినిక్‌లో పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి లీజా, చెల్లెలు జాయ్ పెళ్లికి తమ ఊరి పాలమిఠాయి చేస్తానని మాటిచ్చింది. పాస్తియాస్ అంటారు దాన్ని. వాళ్లమ్మ పోయి ఏడాది. ఆమె చేసే మిఠాయి లేకుండా పెళ్లేమిటని జాయ్ బెంగ. లీజా రెండుసార్లు పాలు మాడగొట్టుకుని, "నువ్వు వస్తావా ఆతే?" అని ఫోన్ చేసింది. ఆతే అంటే అక్క. నెల్లూరు ఆడదాన్ని పాలు కాచమంటే ఆగుతానా!

నేనుండే అజ్మాన్ నుంచి షార్జా రోలాకు షేర్ టాక్సీ, అక్కడి నుంచి దుబాయ్‌కి ఐదు దిర్హామ్‌ల మినీబస్సు, ఆపైన లీజా ఉండే సత్వాకు సిటీ బస్సు. శుక్రవారం పొద్దున ఎనిమిదికి బయల్దేరితే రోడ్లు ఖాళీగా ఉంటాయి. టాక్సీ డ్రైవర్ నిజామాబాద్ వాడు. పనేమిటని అడిగితే చెప్పాను.

"ఛుట్టీ రోజు మిఠాయి తినాలె గానీ, చేసుడేందక్కా?" అని నవ్వాడు.

లీజా ఉండే ఫ్లాట్‌లో అందరికీ ఒకటే వంటగది. మధ్యాహ్నం దాకే మా వంతు, సాయంత్రం పెళ్లి. "ఊళ్లో అయితే గేదెపాలతో చేస్తాం," అంది లీజా. సముద్రాల అవతల కూడా గేదెపాల కోవా ఉందా! ఇక్కడ దొరికిన ఆవుపాలలో పాలపొడి, చక్కెర వేసి సన్నసెగన ఆపకుండా కలిపాను. ముద్దకట్టగానే నా చెయ్యి అలవాటుగా ఏలకుల పొడి మీదికి పోయింది. లీజా గబుక్కున పట్టుకుంది.

"వద్దు ఆతే! పాలవాసనే రావాలి."

"ఇంత తెలిసినదానివి, ఇన్నాళ్లూ చెయ్యడమెందుకు నేర్చుకోలేదు?"

"పాలు అమ్మ పని. కాగితాలు మా పని."

ఆ కాగితాల పని చూశాక నా కోవా గొప్పతనమంతా దిగిపోయింది. పల్చటి రంగుకాగితం మడిచి, బుల్లి కత్తెరతో, గీత కూడా గీయకుండా కత్తిరించింది. విప్పితే పూలు, తీగలు, మధ్యలో అక్షరాలు! మిఠాయి చుట్టాక జానెడు తోక లేసులా వేలాడుతోంది. ఊపిరి తగిలితే చిరుగుతుందేమోనని నేను వెనక్కి జరిగాను. అక్షరాలు కూడబలుక్కుని, "'నేనా' అని ఉంది, ఎవరి పేరు? పెళ్లికొడుకుది కాదుగా," అన్నాను.

"అమ్మ పేరు. ఆవిడ కూడా పెళ్లికి రావాలిగా," అంది తలెత్తకుండా.

పెళ్లిలో జాయ్ ఒకటి నోట్లో వేసుకుంది. మేమిద్దరం ఆమె మొహమే చూస్తున్నాం. "అమ్మది ఇలా ఉండదు," అంది నిజాయితీగా. లీజా మొహం వాడిపోయింది. అంతలో జాయ్ చేతిలోని కాగితం వెలుతురుకు పెట్టి చదివింది. ఏడుస్తూనే రెండోది తీసుకుంది.

అమ్మ రుచిని మేం తేలేకపోయాం. పరాయి దేశంలో, అద్దె వంటగదిలో, ఒక కూతురు కత్తెరతో అమ్మనే తెచ్చింది. అంత పనితనం నేనెక్కడా చూడలేదు.

మీరూ ఇలాంటి పెళ్లికి వెళితే ఒక్క సంగతి గుర్తుంచుకోండి: మిఠాయి కాగితం చింపకుండా నెమ్మదిగా విప్పి, బల్ల మీదే ఉంచండి. ఆ రోజు అందరూ వెళ్లాక, జాయ్ పెళ్లిబట్టలతోనే బల్ల బల్లకూ తిరిగి వాటిని ఏరుకుంది.