నిమ్మకాయలు తొక్కిన కారు

ఆ మే నెల మధ్యాహ్నం తార్నాక బస్సులో మా ఆవిడతో ఫోన్లో మాట్లాడుతున్నాను. "ఆదివారం నాన్న పాత కారులోనే కర్నూలుకు పోదాం. నిన్ననే ఇంజను బాగుచేయించి, గాలి గట్టిగా కొట్టించినా. పదేళ్లుగా రోడ్డెక్కిందెక్కడ, టైర్లు కొత్తవాటి మాదిరే ఉండాయి. ఏటా దసరాకు పూజ చేసి నిమ్మకాయలు తొక్కిస్తానే ఉండాం గదా!"

ఫోను పెట్టగానే పక్కసీటు పెద్దాయన నావైపు తిరిగాడు. టైర్ల పని చేసేవాడట. కుడిచేతికి రెండు వేళ్లు లేవు.

"కదలని టైరే డేంజర్ సార్. ఎండకు రబ్బరు పెళుసైతది, లోపలి గాలి ఉబ్బుతది. నిలబెట్టినకాడ్నే పేలుతది. నా వేళ్లు గట్లనే పోయినయి. బండి ఎండల్నే ఉన్నదా?"

తలూపాను.

"ఎవ్వర్ని దగ్గరికి పోనియ్యకుండ్రి."

మా ఆవిడకు మళ్లీ ఫోన్ చేస్తే ఎత్తలేదు. బస్సు దిగి మేముండే యూనివర్సిటీ క్వార్టర్స్ దాకా పరుగెత్తాను. కారు నీడలో మా పాప టైరుకు ఆనుకుని బొమ్మలతో ఆడుకుంటోంది. పిలవడానికి కూడా భయమేసింది. చప్పుడు చేయకుండా వెళ్లి ఎత్తుకున్నాను.

అప్పుడు చూశాను. టైరు పక్కంతా సన్నటి పగుళ్లు. వాటి నిండా మేం ఏటా పూసిన పసుపు.