బండి ఆగినా ఆగని ముల్లు

మొన్న నిడదవోలులో మెకానిక్ షెడ్డు ముందు నిలబడితే, ఎండిన గ్రీజు వాసన నన్ను మళ్లీ ఏడేళ్లదాన్ని చేసేసింది.

నాన్న తమ్ముడు, మా బాబాయి, కాలవ గట్టు మీద బండి జారి చనిపోయిన ఏడాది అది. తర్వాత ఆ బండే నాన్న నడిపేవాడు. సాయంత్రం ఇంటి ముందు బండి ఆపేశాక కూడా స్పీడోమీటరు ముల్లు నలభై మీద నుంచి వణుక్కుంటూ, మెల్లగా దిగుతూ ఉండేది. బండి ఆగింది కదా, మరి ఇంకా వస్తున్నదెవరు?

బయటి నుంచి వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కోకుండా గడప దాటకూడదని నానమ్మ రోజూ మెట్టు మీద చెంబుతో నీళ్లు పెట్టేది. ఓ రోజు నేను పక్కనే ఇంకో చెంబు పెట్టాను.

"రెండోది ఎవరికే?" అన్నాడు నాన్న.

"బాబాయికి. ముల్లు చూడు నాన్నా, ఇంకా దారిలోనే ఉన్నాడు."

మర్నాడే నాన్న నన్ను బండెక్కించుకుని షెడ్డుకి తీసుకెళ్లాడు. మెకానిక్ కేబులు ఊడదీసి చూసి, తర్వాత మీటరు విప్పాడు.

"కేబులు బాగానే ఉందండి. లోపల గ్రీజు గట్టిపడి ముల్లుని పట్టేస్తోంది," అంటూ శుభ్రం చేశాడు.

ఆ సాయంత్రం బండి ఆగగానే ముల్లు సున్నా మీదికి వచ్చేసింది. బాబాయి ఇక దారిలో లేడు, వచ్చేశాడనుకుని నేను రెండో చెంబు పెట్టలేదు. వీధి వైపు చూడ్డానికి మాత్రం భయమేసింది.

నాన్న కాళ్లు కడుక్కున్నాడు. అదే చెంబుని మళ్లీ నింపి, మెట్టు మీద పెట్టి లోపలికొచ్చాడు. తలుపు గడియ వెయ్యలేదు.

ముల్లు బాగైన సంగతి మర్చిపోయాడేమో అనుకున్నాను. తమ్ముడి కోసం ఎదురుచూడ్డానికి నాన్నకి ముల్లు అక్కర్లేదని అప్పుడు నాకు తెలియదు.