తినలేదని చెప్పిన రొట్టె

మా ఆయన తిరుపతిలో లెక్చరరు. డెబ్భైల చివర్లో ఒక ఎండాకాలం ఆయనకు పారిస్‌లో జరిగే సదస్సుకు పిలుపు వచ్చింది. సదస్సు మూడు రోజులే. అది కాగానే ఇంకో రెండు వారాలు తీరిగ్గా రైళ్ళలో తిరిగి ఫ్లోరెన్సు, రోము చూసి రావాలని, నన్నూ తీసుకుపోవాలని ఆయన ఆశ.

మా మామగారిది గుడి కైంకర్యం. ఇంట్లో మడి గట్టిది. అత్తగారు ప్రయాణం కాదనలేదు కానీ, బయలుదేరే ముందురోజు నన్ను దేవుడి అరలోకి పిలిచారు.

"మావాడు మగోడు, వాడేం తింటాడో నాకొద్దు. నువ్వు మాత్రం ఆడ ఎవురో వండింది నోట్లో పెట్టుకోనని చెప్పు. మళ్ళా వచ్చి ఈ ఇంట్లో పొయ్యి ముట్టాల్సినదానివి."

చెప్పాను. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. విమానం ఎక్కనిస్తే ఏమైనా చెప్పేదాన్ని.

పెట్టెలో సగం బియ్యం, కందిపప్పు, అటుకులు, పప్పులపొడి, పులిహోర గుజ్జు. చీరల మధ్యలో ఒక చిన్న కరెంటు పొయ్యి. పారిస్‌లో మొదటి నాలుగు రోజులూ బాగానే గడిచాయి. కాకపోతే ఆయన సదస్సుకు వెళ్ళినా, ఇద్దరం ఊరు చూడబోయినా పన్నెండయ్యేసరికి గదికి వచ్చెయ్యాలి. నది ఒడ్డున పాత పుస్తకాలు చూస్తుంటే నాకు బియ్యం నానబెట్టలేదన్నదే గుర్తొచ్చేది. రోడ్డు పక్కన కుర్చీల్లో మొగుడూ పెళ్ళాలు ఒక కప్పు కాఫీ ముందు పెట్టుకుని గంటలు గంటలు కూర్చునేవాళ్ళు. మేము వాళ్ళ పక్కనుంచి పరుగులాంటి నడకతో గదికి పోయేవాళ్ళం.

అయిదో రోజు రాత్రి అన్నం ఉడుకుతుండగా టప్పుమని శబ్దం. మా అంతస్తంతా చీకటి. హోటలాయన పైకొచ్చి గది వాసన చూసి, పొయ్యి చూసి, దాన్ని పట్టుకుపోయాడు. వెళ్ళేరోజు ఇస్తానని సైగ చేశాడు. సగం ఉడికిన అన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను.

ఆ తరువాత అటుకులు నీళ్ళలో నానేసుకోవడం, పండ్లు, పచ్చిపాలు. పొయ్యి తిరిగి చేతికొచ్చినా మళ్ళీ వెలిగించడానికి ధైర్యం చాలలేదు. ఫ్లోరెన్సు చేరేసరికి అటుకులూ అయిపోయాయి.

"మీకు ఆంక్ష లేదు కదా, మీరు తినండి" అన్నాను.

"నువ్వు పస్తుంటే నాకు గొంతు దిగదు" అన్నారాయన. ఎంతో ప్రేమగానే అన్నారు. కానీ దేవుడి అరలో ఇచ్చిన మాటకంటే ఆ ప్రేమే నన్ను ఎక్కువగా బిగించింది. నా మూలంగా ఆయన బుగ్గలు లోపలికి పోతున్నాయి.

మర్నాడు అక్కడి చిత్రశాలకు వెళ్ళాం. ఏళ్ళుగా పుస్తకాల్లో చూసిన బొమ్మలవి. ఆయన నిలబడి ఒక్కొక్కటీ వివరిస్తున్నారు. నాకు ఏదీ ఎక్కలేదు. ఒక మూల గదిలో బల్ల మీద కోసిన రొట్టె, ద్రాక్షలు, కత్తి ఉన్న చిన్న పటం దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. రొట్టె పైపెచ్చు మీద పిండి కూడా కనిపిస్తోంది. నోట్లో నీళ్ళూరాయి. సిగ్గేసింది. అంతలో కళ్ళు తిరిగాయి. ఆయన నన్ను పట్టుకుని బయటి మెట్ల మీద కూర్చోబెట్టారు.

ఎదురుగా ఒక రొట్టెల అంగడి. నేనే లేచి వెళ్ళాను. అంగట్లోని ముసలామె రొట్టె ముక్క మీద టమాటా రుద్ది, నూనె పోసి, ఉప్పు చల్లి ఇచ్చింది. అక్కడే నిలబడి తిన్నాను. ఆయన నా పక్కకొచ్చి, "నాకూ ఒకటి" అన్నారు. ఆ మాటకు ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఆ తరువాతి ఆరు రోజులే మాకు నిజమైన సెలవులు. రోములో ఒక కూడలి మధ్య కూర్చుని టమాటా పులుసు కలిపిన సేమ్యాలాంటిది తిన్నాం. ఐస్‌క్రీము వేళ్ళ మీదుగా కారుతుంటే నడిచాం. చర్చీల పైకప్పు బొమ్మలను మెడలు నొప్పిపుట్టేదాకా చూశాం.

మద్రాసు నుంచి వచ్చే బస్సు పుత్తూరు దాటాక ఆయన మెల్లిగా అన్నారు: "అమ్మకు చెప్పొద్దు."

అబద్ధం చెప్పే అవసరమే రాలేదు. అత్తగారు నా చేతులు తడిమి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "ఎంత చిక్కిపోయినావమ్మా! మాట నిలబెట్టినావు" అన్నారు. ఆ వారమంతా వీధిలో ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు. "మా కోడలు పండ్లు, పాలు తప్ప ఏమీ ముట్టలేదు" అని ఆవిడ చెబుతుంటే పక్కన తల వంచుకుని నిలబడేదాన్ని. పెళ్ళిళ్ళలో పంక్తికి వడ్డించడానికి నన్నే ముందు పిలిచేవారు. నన్ను చూపించి కొత్త కోడళ్ళకు బుద్ధి చెప్పేవారు. తప్పు ఒప్పుకునే దారులన్నీ ఆ పొగడ్తలతో ఒక్కొక్కటిగా మూసుకుపోయాయి.

రెండేళ్ళకు మా మరిది, తోడికోడలు కాశ్మీరు ప్రయాణం కట్టారు. అత్తగారు ఆమె దగ్గరా అదే మాట తీసుకున్నారు. ఆ సాయంత్రం పెరట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే ఆమె నా చెవిలో అడిగింది.

"అక్కా, నిజంగా నువ్వు ఆడ ఏమీ తినలేదా?"

లోపల అత్తగారు ఉన్నారు. కిటికీ తెరిచే ఉంది.

"తినలేదు" అన్నాను.

ఆమె నమ్మింది. పన్నెండు రోజులు పండ్లు, బొరుగులతో నెట్టుకొచ్చి, తిరుగు రైల్లో స్పృహ తప్పింది. మధ్యలో దించి ఆసుపత్రిలో రెండు రోజులు గ్లూకోజు ఎక్కించారట. ఇంటికొచ్చి పడుకున్న మనిషిని చూశాక ఆగలేకపోయాను. తలుపు దగ్గరేసి అంతా చెప్పాను. అంగడి, టమాటా, నూనె, అన్నీ.

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

"ఆరోజే చెప్పింటే నేనూ తినేదాన్ని గదక్కా."

ఆమె ఎవరికీ చెప్పలేదు. అత్తగారు అప్పటినుంచి మా ఇద్దరినీ కలిపి పొగిడేవారు. మేము ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు. కొన్ని నెలలకు ఆమె మళ్ళీ నాతో మామూలుగా మాట్లాడసాగింది. కూరల గురించి, పిల్లల జ్వరాల గురించి. కానీ ఏ విషయంలోనూ "నిజమా అక్కా?" అని మాత్రం నన్ను అడగలేదు.