తగ్గింపు మాస్టారు రాసిన వీధి

రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్ల పక్కన దస్తావేజులు రాసేవాళ్ళు ఆరుగురున్నా, జనం మాత్రం చివరి బల్ల దగ్గరే మూగుతారు. ఆ బల్ల ఆయనది. అందరూ ఆయన్ని తగ్గింపు మాస్టారు అంటారు. అలాగని ఏ బడిలోనూ పాఠం చెప్పిన పాపాన పోలేదు. నలభై లక్షలకు కొన్న ఇంటిని కాగితం మీద పదహారుకు దించి, స్టాంపు పన్ను మిగల్చడమే ఆయన విద్య.

"మిగతాది మీరూ మీరూ చేతుల్లో పెట్టుకోండి. కాగితానికి ఎందుకు చెప్పడం?" అనేవాడు.

కొన్నవాడికి సంతోషం. అమ్మినవాడికీ లాభం మీద పన్ను తగ్గుతుంది కనుక సంతోషం. బేరం ఎక్కడ చెడుతుందోనని గోళ్ళు కొరుక్కునే బ్రోకరుకైతే మరీ సంతోషం. పన్ను పెరిగిందన్న వార్త వస్తే ఊరంతా తిట్టుకునేది, ఈయన మాత్రం బల్ల తుడుచుకుని కూర్చునేవాడు. పెరిగిన ప్రతిసారీ బల్ల ముందు మనుషులు పెరిగేవాళ్ళు మరి.

ఆ విద్య సొంత అక్క దగ్గరా చూపించాడు. భర్త పోయాక ఆవిడ ఇరవై ఏళ్ళు స్కూలు యూనిఫాంలు కుట్టి, ఉన్నదంతా ఊడ్చి రెండు గదుల ఇల్లు కొనుక్కుంది. పన్నులో మిగిలిన డబ్బుతో ఇనుప గేటు పెట్టించి, "ఇది నువ్విచ్చిన గేటురా" అని వచ్చినవాళ్ళందరికీ చూపించేది.

ఆ గేటుకే ఒక ఉదయం నోటీసు తగిలించి పోయారు. అక్క కబురు పెడితే మాస్టారు పరుగున వచ్చాడు.

"ఈ ఆఫీసు తెలుగు నాకు ఎక్కదు. నువ్వు చదివి చెప్పు, ఏమిటట?"

రోడ్డు వెడల్పు చేస్తారట. ఈ వరుస ఇళ్ళన్నీ పోతాయట. ఈ వీధిలో రిజిస్టరైన ధరలు చూసి, దాన్నిబట్టే పరిహారం ఇస్తారట. మాస్టారు రెండుసార్లు చదివాడు.

"ఎంతిస్తారురా?"

"పద్దెనిమిది లక్షలు."

"ముందు గదికా?"

"ఇల్లు మొత్తానికి, అక్కా."

తమాషా చేస్తున్నాడనుకుని ఆవిడ నవ్వింది. తమ్ముడు నవ్వకపోయేసరికి కుట్టుమిషను ఆపేసింది. "నలభై పోసి కొన్నానని చెప్పు. నువ్వు పక్కనే ఉన్నావుగా."

"కాగితం చూపించమంటారు. కాగితంలో పదహారే ఉంది. నేనే రాశాను."

ఆయనకు భయం వేసింది. లైసెన్సు పోతుందని కాదు, అక్క ముఖం ఎత్తి చూస్తుందని. ఆవిడ చూసింది కూడా. తిట్టి ఉంటే బాగుండేది.

"నువ్వు రాస్తే నేను సంతకం పెట్టలేదూ? గేటు చూసుకుని మురిసిపోయింది నేను కాదూ?" అంది. అంతలోనే ఆశ పుట్టి లేచి నిలబడింది. "వీధి ధర చూస్తామన్నారుగా. పక్కింటివాళ్ళ కాగితంలో నిజం ధర ఉంటే మనకూ పెరుగుతుందేమో. వాళ్ళది ఎవరు రాశారు?"

మాస్టారు నోటీసును మడత పెట్టాడు.

"పోనీ ఆ పక్కది?"

"వరుసలో పదకొండు ఇళ్ళూ నేనే రాశానక్కా."

అక్క చేతిలోని కత్తెర మిషను మీద పెట్టింది. పదకొండు ఇళ్ళలో ఎవరెవరున్నారో ఆవిడకు తెలుసు, అందరి కొలతలూ తీసింది ఆవిడే. "వాళ్ళకి ఆఫీసువాళ్ళు చెప్పేలోపు నువ్వే చెప్పాలి. పద, నేనూ వస్తాను."

పక్కింటి రిటైర్డ్ డ్రైవరు తలుపు తీశాడు. చేతిలో అదే నోటీసు. వెనక భార్య కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. మాస్టారిని చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"రండి మాస్టారూ, సమయానికి వచ్చారు! ఇది చూసి మా ఆవిడ ఒకటే ఏడుపు. మన కాగితాలు రాసింది ఎవరనుకున్నావే, మనకేం భయం అని ఇప్పుడే చెబుతున్నా."

లోపలికి వెళ్ళి, ఉన్న ఒక్క మంచి కుర్చీ తెచ్చి ఆయన ముందు వేశాడు.